చూరు దించిన బొమ్మ ఇల్లు

విజయనగరంలో పూల్‌బాగ్ దగ్గర మేం అద్దెకున్న ఇంటి పక్కన ఒక మామ్మగారు ఉండేవారు. ఆవిడ ఏటా దసరాకి బొమ్మల కొలువు పెట్టేవారు. మెట్ల మీద బొమ్మలన్నీ ఆవిడవి. మెట్ల ముందు నేల మీద వేసే పార్కు మాత్రం వీధిలో పిల్లలది. ముప్పై ఏళ్లుగా ఇళ్లూ తోటలూ గీసి బతుకుతున్నాను. అయినా ఎవరైనా "మీ మొదటి ప్రాజెక్టు ఏది మేడమ్?" అని అడిగితే నాకు మామ్మగారి ఇత్తడి పళ్లేలే కళ్ల ముందుకొస్తాయి.

పార్కు పని అమావాస్యకి నాలుగు రోజుల ముందే మొదలయ్యేది. చోళ్లు (అంటే రాగులు), ఆవాలు విడివిడిగా రాత్రి నానబెట్టాలి. పొద్దున్నే జల్లెడ పట్టిన మట్టి పళ్లెంలో రెండంగుళాల మందాన పోసి, గింజ మీద గింజ పడకుండా చల్లి, పైన తడిగుడ్డ కప్పాలి. ఆవాలు తొందరగా మొలిచేవి, చోళ్లు ఒక రోజు వెనక. మొలక పైకి రాగానే గుడ్డ తీసేసి పళ్లెం కిటికీ దగ్గర పెట్టేవాళ్లం. సాయంత్రానికి మొలకలన్నీ కిటికీ వైపు వంగిపోయేవి. మొదటి ఏడాది అది చూసి నాకు ఏడుపొచ్చింది. మామ్మగారు పళ్లేన్ని పావు వంతు తిప్పి పెట్టి, "రోజూ పొద్దున్నే ఇంతే తిప్పమ్మా. వెలుతురు ఎటుంటే అటు పోతాయవి. వాటి తప్పేముంది?" అన్నారు. నాలుగు పొద్దులు తిప్పాక మొలకలు నిటారుగా నిలబడ్డాయి. నేను నేర్చుకున్న మొదటి తోట పాఠం అదే. ఆ తరవాత చదివిన పెద్ద పుస్తకాల్లో కూడా మొక్క గురించి అంత సూటిగా చెప్పినవాళ్లు నాకు తగల్లేదు.

చోళ్ల మొలకలు పచ్చిక, ఆవాల మొలకలు పొదలు. అద్దం ముక్క చెరువు. అద్దం అంచు కనబడితే అది చెరువులా ఉండదు, అందుకని అంచు చుట్టూ తడిమట్టి మెత్తాలి. బాటలకి ఇటుక పొడి. మధ్యలో మన గంటస్తంభం ఉండి తీరాలి. 1885లో కట్టిన ఆ స్తంభానికి ఎనిమిది పలకలు. అట్టముక్కతో ఎనిమిది పలకలు సమానంగా రావాలంటే ముందు అట్టని సగానికి, ఆ సగాన్ని సగానికి, దాన్ని మళ్లీ సగానికి మడవాలి. మడత ఒక్క నూలు పక్కకి పోయినా చివరి పలక సన్నబడిపోతుంది. జామెట్రీ బాక్సు చేతికి రాకముందే కోణమంటే ఏమిటో ఆ అట్ట నేర్పింది.

పేరంటానికొచ్చిన ఆడవాళ్లు పార్కు దగ్గర వంగి చూసేవారు. అవతలి వీధిలో చెరువులో నిజం నీళ్లు పోశారనీ, ఇంకెవరో ఫౌంటెన్ పెట్టారనీ మాకు వార్తలు వచ్చేవి. మేం కంగారు పడేవాళ్లం. మామ్మగారు మాత్రం ఎవరి పార్కు ఫస్టు, ఎవరిది సెకండు అని ఎప్పుడూ అనలేదు. "మీ చెరువు గట్టు బాగుంది. బాట మాత్రం ఎక్కడికి వెళ్తోందో తెలీడం లేదు" అనేవారు, అంతే.

లండన్‌లో చెల్సీ ఫ్లవర్ షో అని తోటల ప్రదర్శన ఒకటి ఉంది. రాయల్ హాస్పిటల్ మైదానంలో 1913 నుంచి జరుగుతోంది. మహా అయితే మూడు వారాల్లో తోటలకి తోటలే లేపుతారు. ప్రదర్శన ఐదు రోజులు, ఆ తరవాత అన్నీ పీకేస్తారు. అక్కడ కూడా మామూలు పోటీల్లోలా బంగారు పతకం ఒక్కరికే పోదు. ఆ స్థాయిని అందుకున్న తోట ప్రతిదానికీ బంగారం ఇస్తారు, ఏటా ఎన్నో తోటలకి వస్తుంది. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి మామ్మగారిని తలుచుకున్నాను. మా పార్కుల ఆయుష్షు తొమ్మిది రోజులు. దశమి వెళ్లాక ఆ మొలకలు పక్కింటి ఆవుకి పెట్టేసేవాళ్లం.

1987లో నేను తొమ్మిదో తరగతి. స్కూలు ఎగ్జిబిషన్‌కి ఏదో ఒక మోడల్ చెయ్యాలి. అందరూ డ్యాములు, అగ్నిపర్వతాలు అంటున్నారు. నేను "తుఫానుకి నిలిచే ఇల్లు" అని పేరిచ్చాను. నా మనసులో ఉన్నది అమ్మమ్మ వాళ్ల చుట్టిల్లు.

మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, చూడనివాళ్ల కోసం చెబుతాను. చుట్టిల్లు అంటే గుండ్రటి మట్టిగోడల ఇల్లు. గోడ మీద అటక, అటక మీద మట్టి పూత. ఆ పైన గొడుగులా తాటాకు కప్పు. వాసాలన్నీ నడినెత్తిన ఒకచోట కలుస్తాయి. తాటాకు చూరు ఎంత కిందికి దిగుతుందంటే, దూరం నుంచి చూస్తే గోడే కనిపించదు, నేల మీద కుప్ప వేసినట్టు ఉంటుంది. విజయనగరం, శ్రీకాకుళం ఊళ్లలో ఇలాంటివి ఒకదాని పక్కన ఒకటి వరసగా ఉండేవి. బంగాళాఖాతం నుంచి వచ్చే గాలికి ఎదురు నిలిచే బల్లపరుపు గోడ ఆ ఇంట్లో ఎక్కడా ఉండదు. గాలి వచ్చి, చుట్టూ తిరిగి, తన దారిన పోతుంది.

మోడల్‌కి మట్టి పెద్దచెరువు గట్టు నుంచి తెచ్చుకున్నాను. గోడ చెయ్యడం సులువే. కప్పు దగ్గర పది రోజులు పట్టింది. కొబ్బరి చీపురు ఈనెలు వాసాలు. తాటాకుని సన్నగా చీల్చి, మైదా జిగురుతో కింది వరస నుంచి పైకి అంటించుకుంటూ వెళ్లాలి. పైనుంచి మొదలెడితే వాన నీళ్లు లోపలికి పోతాయి. పెరడు కూడా పెట్టాను. పచ్చరంగు కలిపి ఆరబెట్టిన రంపపు పొట్టు పచ్చిక అయింది. ఎండిన నేతిబీర పీచు ముక్కలు చెట్లు అయ్యాయి. నూతి పక్క నుంచి అరటి పాదులోకి నీళ్లు పోయే చిన్న కాలవ కూడా తీశాను.

మా సైన్సు టీచరుగారు చూసి మెచ్చుకున్నారు. ఒక్క సవరణ చెప్పారు. "చూరు బాగా కిందికి ఉందమ్మా. లోపల ఏముందో ఎవరికీ కనబడదు. కొంచెం పైకెత్తు." నాకూ నిజమే అనిపించింది. చూరు రెండంగుళాలు ఎత్తాను. ఇల్లు అందంగా తయారైంది, గోడ కనబడుతోంది, గోడ మీద నేను వేసిన ముగ్గు కనబడుతోంది.

అప్పుడే అమ్మమ్మ కంటి డాక్టరుకి చూపించుకోడానికి ఊరి నుంచి వచ్చింది. మోడల్ చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏటే గుంటా ఇది? చూరు అంతెత్తున ఎట్టీసినావు?"

"కనబడాలి కదా అమ్మమ్మా."

"ఎవుడికి కనబడాల? గాలి కిందనుంచి దూరితే కప్పు ఎత్తీసుకుపోతాది."

నేను నమ్మలేదు. మా టేబుల్ ఫ్యాను తెచ్చి నేల మీద పెట్టి మూడులో వేశాను. కప్పు ఒక్కసారి వణికింది. తరవాత లేచి వెళ్లి గోడకి కొట్టుకుని మంచం కిందికి దొర్లింది. పది రోజుల పని. అమ్మమ్మ నవ్వలేదు. మంచం కింద నుంచి కప్పు తీసి, ఊడిన ఈనెలు ఒడిలో వేసుకుని, దారం అడిగింది. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని మళ్లీ కట్టాం. ఈసారి జిగురు లేదు, అంతా ముడులే. చూరు గోడలో సగానికి పైగా కప్పేలా దించాం. మళ్లీ ఫ్యాను మూడులో పెట్టాను. తాటాకు కొసలు గలగలలాడాయి, కప్పు కదల్లేదు. చీకట్లో ఆ గలగల ఇప్పటికీ చెవిలో ఉంది. తుఫాను రాత్రి అమ్మమ్మ ఇంట్లో పడుకుంటే వినిపించేది కూడా అదే చప్పుడు, ఎన్నో రెట్లు పెద్దగా.

టీచరుగారికి ఫ్యాను సంగతి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ఫ్యాను కూడా తెచ్చి చూపించు" అన్నారు. ఆ మాటకి ఆయనంటే ఇప్పటికీ గౌరవం.

ఎగ్జిబిషన్ రోజు రెండు ఇళ్లు పెట్టాను. ఒకటి అట్టతో చేసిన పలకల ఇల్లు, రెండోది చుట్టిల్లు. ఫ్యాను వేస్తే మొదటిదాని కప్పు ఎగరాలి, రెండోది నిలవాలి. సరిగ్గా జడ్జీలు మా గదిలోకి వచ్చేసరికి కరెంటు పోయింది. నాకు టెన్షన్‌తో గొంతు పెగల్లేదు. నేర్చుకున్న ఇంగ్లీషు మాటలన్నీ మరిచిపోయాను.

అమ్మమ్మ గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. లేచి వచ్చి చేతిలో తాటాకు విసనకర్రతో పలకల ఇంటి మీద గట్టిగా రెండు విసుర్లు విసిరింది. కప్పు పడిపోయింది. చుట్టిల్లు వైపు తిరిగి ఇంకా గట్టిగా విసిరింది. చూరు కొసలు మాత్రం ఆడాయి. ముగ్గురు జడ్జీల్లో పెద్దాయన ఒకరు పంచెకట్టులో ఉన్నారు. ఆయన లోపల ఏముందని అడిగారు. నేను కప్పు ఎత్తి చూపించబోయాను. "ఉండమ్మా" అని, పంచె సర్దుకుని నేల మీద మోకాళ్ల మీద కూర్చుని, తల వంచి చూరు కింద నుంచి లోపలికి చూశారు. అమ్మమ్మ ఇంట్లోకి ఎవరు వెళ్లాలన్నా సరిగ్గా అలాగే వంగేవాళ్లు. ఆయన చాలాసేపు చూశారు. అటక గురించి అడిగారు. కప్పు అంటుకుంటే అటక మీది మట్టి పూత కాసేపు మంటని ఆపుతుందనీ, ఆ కాస్త సేపట్లో పిల్లల్నీ ధాన్యాన్నీ బయట పడెయ్యచ్చనీ అమ్మమ్మే చెప్పింది.

నాకు మూడో బహుమతి వచ్చింది. స్టీలు గ్లాసు, మీద పేరు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంది. అది ఇప్పుడు నా ఆఫీసు బల్ల మీద పెన్నులతో ఉంది.

ఆర్కిటెక్చర్ చదవడానికి విశాఖ వెళ్లాక పోటీలంటే ఎంత పెద్దవో తెలిసింది. మన దేశంలో ఆర్కిటెక్చర్ విద్యార్థుల సంఘం నాసా 1957 నుంచి ఉంది. ఏటా డిజైన్ పోటీలు, ల్యాండ్‌స్కేప్ పోటీలు, పాత కట్టడాలని కొలిచి గీసే డాక్యుమెంటేషన్ పోటీ, అన్నీ నడుస్తాయి. వాటి కోసం నిద్ర మానుకున్నవాళ్లకి తెలుసు ఆ వాసన: ట్రేసింగ్ పేపరు, రోట్రింగ్ పెన్నుల సిరా, ప్రింట్ల అమ్మోనియా, రాత్రి రెండింటికి టీ. సిరా తప్పుపోతే బ్లేడుతో కాగితాన్ని చర్మం గీకినట్టు సుతారంగా గీకాలి. చెయ్యి బరువైతే కాగితం చిరుగుతుంది, మూడు రాత్రుల పని పోతుంది.

ల్యాండ్‌స్కేప్ చెప్పే మాస్టారు ఒకసారి క్లాసులో ఒక తోటమాలి కథ చెప్పారు. 1851లో లండన్ హైడ్ పార్కులో ప్రపంచ స్థాయి ప్రదర్శన పెట్టాలనుకున్నారు. దానికి భవనం కావాలి. పోటీ పెడితే 245 డిజైన్లు వచ్చాయి. కమిటీ ఒక్కటీ కట్టడానికి ఒప్పుకోలేదు. వాళ్లే గీసుకున్న ఇటుకల భవనాన్ని జనం తిట్టిపోశారు. అప్పుడు జోసెఫ్ పాక్స్‌టన్ అనే ఆయన, ఒక ప్రభువు గారి తోటకి పెద్ద మాలి, ఏదో రైల్వే మీటింగులో కూర్చుని అద్దుడు కాగితం మీద ఒక బొమ్మ గీశారు. ఇనుము, గాజు, అంతే. దాదాపు మూడు లక్షల గాజు పలకలతో ఏడాది తిరక్కుండా లేచిన ఆ భవనమే క్రిస్టల్ ప్యాలెస్. పార్కులో ఉన్న పెద్ద చెట్లని కొట్టకుండా వాటి మీదుగా కప్పు వంచి కట్టారు. నాకు ఆ ముక్క అన్నిటికంటే నచ్చింది.

ఆ ధైర్యం ఆయనకి ఎక్కడిదంటే, అంతకుముందు 1849లో దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పెద్ద కలువని ఆయన తోటలో పూయించారు. ఆ కలువాకు మీద తన కూతురిని నిలబెడితే ఆకు మునగలేదు. ఆకు అడుగున ఈనెలు దూలాల్లా అల్లుకుని ఉన్నాయి. గాజు కప్పుని మాత్రం చదునుగా పరచకుండా మడతలు మడతలుగా పెట్టారు. మడత వల్ల పల్చటి గాజు కప్పుకీ బలం వస్తుంది.

ఆ మాట వినగానే నా చెయ్యి దానంతటదే విసనకర్ర పట్టుకున్నట్టు ముడుచుకుంది. తాటాకు కూడా మడతలే కదా! పల్చటి ఆకు, మడత మడతగా ఉండబట్టే అంత వెడల్పున నిలుస్తుంది. ఆ రోజు హాస్టల్‌లో తాటాకు ముక్క కోసి పక్క నుంచి చూస్తూ గీశాను. పైకి కిందికి, పైకి కిందికి. అచ్చం పాక్స్‌టన్ కప్పు.

తరవాత జనవరిలో స్టడీ టూరుకి బెంగళూరు వెళ్లినప్పుడు లాల్‌బాగ్‌లో రిపబ్లిక్ డే పూల ప్రదర్శన చూశాం. అక్కడి గాజు ఇల్లు ఆ క్రిస్టల్ ప్యాలెస్ ఒరవడిలోనే కట్టింది, శంకుస్థాపన 1889లో. జనం పూలు చూస్తున్నారు, నేను తలెత్తి కప్పు చూస్తున్నాను. అసలుది 1936లో కాలిపోయింది, దాని పోలిక మన దగ్గర ఇంకా పూలతో నిండుతోంది. తోపులాటలో నా చెప్పు ఒకటి పోయింది. నేను మాత్రం అక్కడి నుంచి కదల్లేదు.

మూడో ఏడాది, 1993లో, డాక్యుమెంటేషన్ పోటీకి ఏ కట్టడం తీసుకుందామని మా బృందంలో పెద్ద చర్చ జరిగింది. చాలామంది విజయనగరం కోట అన్నారు. 1713 నాటి కోట, లోపల 1869లో కట్టిన మోతీమహల్, గీయడానికి ఎంతో ఉంది. నేను చుట్టిల్లు అన్నాను. "గుడిసెని కొలిచి పోటీకి పంపుతామా?" అన్నారు ఒకరు. వాళ్లందర్నీ ఒక ఆదివారం అమ్మమ్మ ఊరు తీసుకెళ్లాను. గుమ్మంలో అందరూ వంగారు, ఒకడికి తల తగిలింది. లోపల మే నెల ఎండ జాడే లేదు. మజ్జిగ తాగి కూర్చున్నాక ఎవరూ కోట మాట ఎత్తలేదు.

గుండ్రటి ఇంటిని కొలవడం మా పుస్తకాల్లో లేదు. మూలలు ఉంటే టేపు పట్టచ్చు. దీనికి మూలేదీ? అరగంట తంటాలు పడ్డాం. ఇళ్లు కట్టే ముసలాయన ఒకాయన చుట్ట కాలుస్తూ మమ్మల్ని చూస్తున్నాడు. లేచి వచ్చి, కప్పు నడినెత్తి నుంచి తాడుకి రాయి కట్టి దించాడు. రాయి ఆగిన చోట మేకు కొట్టాడు. "ఇక్కడనుంచే కదా మేం కట్టింది. ఇక్కడనుంచే కొలవండి బావూ" అన్నాడు. మేకు నుంచి గోడ దాకా ఎటు కొలిచినా ఒకటే కొలత, రెండు మూడు చోట్ల మాత్రం అంగుళం తేడా. లోపలి వ్యాసం పద్నాలుగు అడుగుల మూడు అంగుళాలు. నేల నుంచి చూరు కొస ఎంత ఎత్తుందో కొలిచి రాసింది నేనే.

పన్నెండు షీట్లు గీశాం. ఇంటి ప్లాను, సెక్షను, వాసాల ముడులు ఒక్కొక్కటి విడిగా. ఒక షీటు మొత్తం పెరడుకే ఇచ్చాను. నూతి నీళ్లు అరటికి, అరటి దాటి కందకి, గిన్నెలు తోమిన నీళ్లు కొబ్బరి మొదట్లోకి, మునగ నీడ మధ్యాహ్నం పశువుల పాక మీద పడేటట్టు. అమ్మమ్మ ఒక్కొక్కటీ ఎందుకక్కడ పెట్టిందో చెబుతుంటే రాసుకున్నాను. ఎవరూ డిజైన్ అని పేరు పెట్టని డిజైన్ అది. నేను ఇప్పటికి గీసిన తోటల్లో దానికి సాటి వచ్చేది ఒక్కటీ లేదు.

బహుమతి రాలేదు. కోటలు, మసీదులు, మెట్ల బావులు గీసినవాళ్లు బ్రహ్మాండంగా గీశారు, వాళ్లకే రావాలి. షీట్లు గొట్టంలో చుట్టి వెనక్కి తెచ్చుకున్నాను.

అమ్మమ్మ 1999లో పోయింది. ఆ తరవాత పిన్ని వాళ్లకి కాలనీలో స్లాబు ఇల్లు వచ్చింది. తాటాకు కప్పు రెండు మూడేళ్లకోసారి నేయించాలి, నేసేవాళ్లు లేరు. ఆ ఇంట్లో ఉండమని వాళ్లకి చెప్పే హక్కు నాకు లేదు, చెప్పలేదు కూడా. కప్పు కూలింది. గోడ వానకి కరుగుతూ వచ్చింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను విశాఖలో ఐదో అంతస్తులో ఉన్నాను. కిటికీ అద్దాలు పగిలి గాలి లోపలికి దూరింది. పిల్లల్ని పట్టుకుని బాత్‌రూమ్‌లో కూర్చున్నాం. ఊళ్లో ఎన్నో అద్దాల భవనాలు పాడయ్యాయి, విమానాశ్రయం కప్పు కూడా దెబ్బతింది. ఆ హోరులో నాకు వినబడింది ఒక్కటే మాట: గాలి కిందనుంచి దూరితే కప్పు ఎత్తీసుకుపోతాది.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లాను. పిన్ని కాలనీ ఇంటి నుంచి పాత స్థలానికి తీసుకెళ్లింది. చుట్టిల్లు ఉన్నచోట గుండ్రటి అరుగు మాత్రం మిగిలింది. గోడలు కరిగి లోపలంతా పాటిమట్టి అయింది. పిన్ని అందులో బంతి వేసింది. పాటిమట్టికి మొక్కలు నడుం ఎత్తు పెరిగి విరగబూశాయి. గుండ్రటి అరుగు నిండా పసుపు, నారింజ.

"పండక్కి పూలు కొననక్కర్లేదే" అంది పిన్ని.

నా సంచిలో టేపు ఎప్పుడూ ఉంటుంది. ఒక కొస పిన్నికిచ్చి, మొక్కలు విరగకుండా పక్కకి జరుపుకుంటూ అవతలి అంచు దాకా వెళ్లాను. పద్నాలుగు అడుగుల మూడు అంగుళాలు.